దంతవేదన – ఉపశమన ఔషధాలు

మానవుడు అనుభవించే శారీరక బాధలలో పంటినొప్పికి ఒక ప్రత్యేకత ఉన్నది. అది ఆహారంపై విముఖత కలిగిస్తుంది, నిద్రను హరిస్తుంది, ఏ పనిమీదా మనస్సును నిలువనీయదు. పగలంతా ఎలాగో ఓర్చుకున్నా, రాత్రి పడుకోగానే ఆ బాధ రెట్టింపవుతుంది. అర్ధరాత్రి ఒక లవంగాన్ని పంటి క్రింద పెట్టుకొని తెల్లవారేదాకా వేచి ఉండడం తెలుగు ఇళ్ళలో తరతరాల అనుభవం. నేడు లవంగం స్థానాన్ని చాలావరకు మందుల దుకాణంలో లభించే మాత్ర ఆక్రమించింది. ఆ మాత్ర శరీరంలో ఏమి చేస్తుంది? ఏమి చేయలేదు? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఎరిగినవారికే దానివలన నిజమైన మేలు కలుగుతుంది.

పన్ను చూపునకు రాయివలె కనిపించినా, అది సజీవమైన అవయవం. దాని పైభాగాన ఎనామిల్ అనే పొర ఉంటుంది. మానవ శరీరంలోని పదార్థాలన్నింటిలో ఇదే మిక్కిలి కఠినమైనది. దాని క్రింద డెంటిన్, దానికి లోపల దంతమజ్జ ఉంటాయి. సూక్ష్మమైన రక్తనాళాలకు, నాడులకు దంతమజ్జ నిలయం. పళ్ళకు అంటుకొన్న తీపి పదార్థాల నుండి నోటిలోని బాక్టీరియా ఆమ్లాలను తయారుచేస్తుంది. ఆ ఆమ్లాలు ఎనామిల్‌ను క్రమంగా కరిగిస్తాయి. ఆ విధంగా ఏర్పడిన పుచ్చు లోలోపలికి సాగి మజ్జను సమీపించగానే అక్కడ వాపు ఆరంభమవుతుంది. చేతికి దెబ్బ తగిలితే చర్మం సాగి వాపునకు చోటిస్తుంది. పంటి లోపల అటువంటి వీలు లేదు. చుట్టూ ఉన్న గట్టి గోడల మధ్య ఒత్తిడి పెరిగి నాడులు నలుగుతాయి. పడుకున్నప్పుడు తలవైపునకు రక్తప్రసరణ హెచ్చుతుంది కనుక ఆ ఒత్తిడి మరింత అధికమవుతుంది. రాత్రివేళ పంటిపోటు దుర్భరం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

శరీరంలో ఏ భాగానికి హాని కలిగినా, అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఉత్పత్తి చేస్తాయి. సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైము ఈ ఉత్పత్తికి తోడ్పడుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాలను వెడల్పు చేసి వాపును పెంచుతాయి. నాడుల సున్నితత్వాన్ని అధికం చేస్తాయి. అందువల్లనే మామూలుగా తెలియని చల్లని నీటి స్పర్శ కూడా పుచ్చిన పంటికి సూదిపోటుగా తోస్తుంది. ఆ ఎంజైమును అడ్డగించి, తద్వారా నొప్పిని, వాపును తగ్గించడమే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందుల ధర్మం.

ఈ మందుల చరిత్ర ఒక చెట్టు బెరడుతో ముడిపడి ఉన్నది. విల్లో చెట్టు బెరడు పొడి జ్వరాన్ని తగ్గిస్తుందని 1763లో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు రాయల్ సొసైటీకి తెలియజేశాడు. ఆ బెరడులోని సారానికి సంబంధించిన శాలిసిలిక్ ఆమ్లం నొప్పిని తగ్గించేది కాని, కడుపును బాధించేది. 1897లో జర్మనీలోని బేయర్ సంస్థలో ఫెలిక్స్ హాఫ్మన్ దానికి కొంత మార్పు చేసి, శుద్ధమైన రూపంలో ఆస్పిరిన్‌ను తయారుచేశాడు. 1899 నుండి అది ఆ పేరుతో ప్రసిద్ధి పొందింది. అయినా అది ఏ విధంగా పనిచేస్తుందో ఏడు దశాబ్దాలపాటు తెలియలేదు. ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అది నిరోధిస్తుందని 1971లో జాన్ వేన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. 1982లో ఆయన మరి ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి నోబెల్ బహుమతిని అందుకొన్నాడు.

పారాసెటమాల్ ఈ కోవకు పూర్తిగా చెందదు. అది నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది గాని వాపుపై దాని ప్రభావం స్వల్పం. నూతన ఔషధాల శక్తిని పరీక్షించడానికి పరిశోధకులు తరచుగా జ్ఞానదంతాన్ని తొలగించిన అనంతరం కలిగే నొప్పినే ప్రమాణంగా తీసుకొంటారు. అటువంటి పరిశోధనల వలన ఐబూప్రొఫెన్, పారాసెటమాల్‌లను కలిపి వాడితే విడివిడిగా వాడిన దానికన్న ఎక్కువ ఉపశమనం లభిస్తుందని తేలింది. నల్లమందు జాతి మందులకు అలవాటుపడి ఎందరో బాధితులైన అమెరికాలో, అక్కడి దంతవైద్యుల సంఘం 2024లో మార్గదర్శకాలను ప్రకటిస్తూ, తీవ్రమైన పంటినొప్పికి మొదట వాడవలసినవి ఈ సామాన్యమైన మందులేనని స్పష్టం చేసింది.

మాత్రలు నొప్పిని తగ్గించగలవే గాని, పన్ను తీసేటప్పుడు కలిగే బాధను ఆపలేవు. దానికి మార్గం వెదకినవారిలో అగ్రగణ్యుడు హొరేస్ వెల్స్. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణానికి చెందిన ఈ దంతవైద్యుడు 1844 డిసెంబరు 11న నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి, తన పంటినే తీయించుకొని బాధ తెలియలేదని గ్రహించాడు. మరుసటి ఏడాది బోస్టన్‌లో అతడు చేసిన ప్రదర్శనలో రోగి కేక వేయడంతో సభికులు అతణ్ణి అపహసించారు. 1848లో అతని జీవితం విషాదంగా ముగిసింది. కాని అతడు చూపిన దారి నిలిచింది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ రూపొందించిన లిడోకెయిన్ నేడు దంతవైద్యశాలలలో విరివిగా వాడుకలో ఉన్నది. నాడి వెంట సాగే సంకేతాన్ని అది తాత్కాలికంగా నిలిపివేస్తుంది. రోగి మెలకువగా ఉండగానే చికిత్స పూర్తవుతుంది.

ఉపకారం చేసే ప్రతి మందుకూ ఒక హద్దు ఉంటుంది. జీర్ణాశయపు లోపొరను కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. వాటిని అదేపనిగా అడ్డగిస్తే కడుపులో పుండ్లు, రక్తస్రావం కలుగవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, కొందరు ఉబ్బసం రోగులు ఈ మందులను వైద్యుని సలహా లేనిదే వాడరాదు. డెంగ్యూ జ్వరంలో ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్‌లు రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ కడుపునకు సౌమ్యమైనదే అయినా, మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు సైతం రోజుకు 4 గ్రాములకు మించి తీసుకొనరాదు. వేర్వేరు పేర్లతో అమ్మే జలుబు, జ్వరం మాత్రలలోనూ అదే మందు ఉండవచ్చునన్న సంగతి మరువరాదు. గుండెజబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవారు పన్ను తీయించుకొనే ముందు ఆ విషయం వైద్యునికి చెప్పాలి. తమంతట తాము మాత్రం దానిని మానరాదు.

కొందరు ఆస్పిరిన్ మాత్రను పంటి ప్రక్కన అదిమి ఉంచుతారు. అది నొప్పిని తగ్గించకపోగా, చిగురును కాల్చి తెల్లని పుండును కలిగిస్తుంది. మరికొందరు దుకాణదారు ఇచ్చిన యాంటీబయాటిక్‌ను మింగి నొప్పి పోతుందని ఆశిస్తారు. మజ్జ వాపువలన కలిగే నొప్పిని యాంటీబయాటిక్ తగ్గించదు. చీము నోటి నుండి ఇతర భాగాలకు వ్యాపించి, జ్వరం వంటి లక్షణాలు కనిపించినప్పుడే దాని అవసరం కలుగుతుంది.

అన్నింటికంటె పెద్ద పొరపాటు ఆలస్యం. మాత్ర వేసుకోగానే నొప్పి తగ్గుతుంది. జబ్బు తగ్గిందని మనిషి భ్రమపడతాడు. ఒక్కొక్కసారి మందు లేకుండానే నొప్పి హఠాత్తుగా ఆగిపోతుంది. అది పన్ను బాగుపడినందుకు కాదు. లోపలి నాడి మరణించినందుకు. ఆ తరువాత చీము వేరుకొన వద్ద చేరుతుంది. చీము చేరిన చోట ఆమ్లగుణం అధికంగా ఉండడం వలన మత్తుసూది సైతం సరిగా పనిచేయదు. తొలిదశలో చిన్న పూరకంతో ముగియవలసిన చికిత్స రూట్ కెనాల్‌కో, పన్ను తొలగించడానికో దారితీస్తుంది. వాపు దవడ క్రిందికి, మెడకు ప్రాకితే ఊపిరికే అపాయం ఏర్పడుతుంది. అప్పుడు ఒక్క గంట కూడా జాగు చేయక ఆసుపత్రికి చేరాలి.

కాపలా కుక్క మొరుగుతూ ఉంటే దాని నోరు కట్టి, దొంగను ఇంట్లోనే వదలివేసే యజమాని ఉండడు. పంటినొప్పి అటువంటి మొరుగే. దానిని శాంతింపజేయడానికి శాస్త్రజ్ఞులు ప్రసాదించిన మందులు అమూల్యమైనవే. ఆ రాత్రి గడవడానికి అవి తోడ్పడతాయి. కాని తెల్లవారిన పిమ్మట దంతవైద్యుని వద్దకు వెళ్ళి, కారణాన్ని తొలగించుకొన్ననాడే ఆ ఉపశమనం ఆరోగ్యంగా మారుతుంది.