ఉప్పునీటికిని మంచినీటికిని నడుమ

ధవళేశ్వరము దిగువ గౌతమి నుండి విడివడి, సిద్ధాంతము, చించినాడల మీదుగా సాగి, అంతర్వేది యొద్ద సాగరమున గలియు వశిష్ఠ గోదావరిని పటములో మాత్రమే చూచినవారు, అది ఏడాది పొడవునను ఒకే దిక్కునకు బాఱు మంచినీటి నది యని తలంతురు. నరసాపురపు రేవున నిలిచి చూచువారికి మాత్రము, సముద్రము పోటెత్తినపుడెల్ల ఆ నీరు ఎగువకు మరలి, పాటు వచ్చినపుడు తిరిగి దిగువకు జాఱుట కనబడును. వర్షర్తువున ఎఱ్ఱనీరు ఉప్పును మొగ దాఁక త్రోసివేయును. వరదకు ఎదురీదుచు పులస చేపలు వచ్చునదియు అపుడే. వేసవిలో పైనీరు సన్నగిల్లఁగా ఉప్పు లోనికి ఎగదన్నును.

అందుచేతనే గోదావరి గట్టుననే వెలసిన నరసాపురము, కన్నులయెదుట నున్న నదిని విడిచి, కాలువనీటినే నమ్ముకొన్నది. ఆ కాలువలకు మూలమైన ధవళేశ్వరపు ఆనకట్టను కాటను దొర 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించెను.

ఈ పట్టణమునకు పూర్వము నావలే జీవనము. గోదావరి వెంట తేలివచ్చిన టేకుమ్రానులతో పదునేడవ శతాబ్దిలో ఇచట ఓడలు నిర్మితమయ్యెడివి. చెంతనున్న మాధవాయపాలెమున ఆంగ్లేయులును, పాలకొల్లున డచ్చివారును వర్తకస్థానములు నెలకొల్పి నూలువస్త్రములు ఎగుమతి చేసిరి. ఆ వైభవము అంతరించిన పిమ్మట, పంతొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇల్లిల్లునకు బ్రాకినది. అరుగుపై కూర్చున్న గృహిణి ఎడమచేతి వ్రేలికి దారము చుట్టి, కొక్కెపు సూదితో ముడిపై ముడి వేయుచు, చూపు దారముపై నిలుపకయే ఇరుగుపొరుగు వారితో ముచ్చటించును. చేయి మాత్రము తప్పదు. విదేశముల బల్లలను అలంకరించు ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మధ్యవర్తుల చేతులు దాటి అల్లిన చేతికి దక్కు కూలి ఆ కీర్తికి తగినంతగా పెరుగవలసియున్నది. ఈ విషయమున ఉపేక్ష తగదు.

నరసాపురము నుండి ఎదుటి గట్టుననున్న సఖినేటిపల్లికి నేటికిని పంటుమీదనే దాటుదురు. మోటారుబండ్లు, ధాన్యపు బస్తాలు, చంటిపిల్లల తల్లులు, అందఱును ఒకే పంటుపై నిలుతురు. మాఘమాసమున భీష్మైకాదశి నాఁటి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవమునకు అంతర్వేది పోవు జనసందోహము ఈ రేవునే ఆశ్రయించును. వరద ఉద్ధృతమైనపుడు పంటు నిలిచిపోవును. అపుడు కన్నులకు కనబడు ఆవలిగట్టు చేరుటకై చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవలసినదే.