నేరస్థుల అప్పగింత – శిక్షల తారతమ్యం

ఒక దేశంలో నేరం చేసి మరో దేశానికి పారిపోయిన వ్యక్తిని తిరిగి రప్పించడానికి ప్రభుత్వాల మధ్య, న్యాయస్థానాల ద్వారా జరిగే ప్రక్రియను నేరస్థుల అప్పగింత అంటారు. హత్య, దోపిడీ వంటి నేరాల నిర్వచనంలో దేశాల మధ్య పెద్ద భేదం లేదు. లైంగిక నేరాల సంగతి అలా కాదు. ఒక దేశంలో మరణశిక్షకు దారితీసే నేరానికి మరో దేశంలో కొన్నేళ్ల కారాగారంతో సరిపెడతారు. మూడో దేశంలో అదే కృత్యం కొన్ని సందర్భాలలో అసలు నేరమే కాదు. ఈ తారతమ్యం పారిపోయినవాడికి ఎంతవరకు రక్షణ కాగలదు, బాధితురాలికి ఎంతవరకు అన్యాయం కాగలదు అన్నది పరిశీలించవలసిన విషయం.

ముస్లిం పాఠకులలో ఒక అభిప్రాయం బలంగా ఉన్నది. షరీఅత్ శిక్షలంటే పాశ్చాత్యులకు గిట్టదు గనుక వారు ముస్లిం దేశాలకు నేరస్థులను అప్పగించరనీ, తమలో తాము మాత్రం అడ్డు లేకుండా అప్పగించుకొంటారనీ అనుకొంటారు. ఇది సగం నిజమే. మిగిలిన సగం 2012 జూన్‌లో లండన్ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో కనిపిస్తుంది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1990 దశకం తొలి సంవత్సరాలలో ముగ్గురు బాలికల పట్ల లైంగిక నేరాలకు పాల్పడ్డాడని ఒక వ్యక్తిపై అభియోగం వచ్చింది. ఒక బాలికకు 14 ఏళ్లు, మిగిలిన ఇద్దరికి 11 ఏళ్లు. అతడు దేశం విడిచి పోయాడు. చివరకు 2010లో లండన్‌లో పట్టుబడ్డాడు. అభియోగం తీవ్రమైనది. ఇంగ్లండు చట్టంలోనూ అది నేరమే. అడిగినది అమెరికా. అయినా హైకోర్టు అప్పగించడానికి నిరాకరించింది.

కారణం మిన్నెసోటాలో అమలులో ఉన్న 'పౌర నిర్బంధం' అనే విధానం. లైంగికంగా ప్రమాదకరమైనవాడని ఒక వ్యక్తి గూర్చి న్యాయస్థానం భావిస్తే, జైలు శిక్ష ముగిసిన తరువాత కూడా అతణ్ణి చికిత్స పేరుతో నిరవధికంగా బంధించి ఉంచవచ్చు. దానికి కాలపరిమితి లేదు. ఇది శిక్ష కాదని, చికిత్స అని అమెరికా చట్టం చెబుతుంది. కాన్సాస్ రాష్ట్రంలోని ఇలాంటి చట్టాన్నే 1997లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో సమర్థించింది. లండన్ న్యాయమూర్తులు ఆ పేరుకు లోబడలేదు. ఎప్పటికి బయటపడతాడో తెలియని నిర్బంధానికి ఒక మనిషిని పంపడం ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక హామీ ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛను పూర్తిగా కాలరాయడమే అవుతుందన్నారు. అతణ్ణి ఆ విధానం కింద బంధించబోమని హామీ ఇస్తే అప్పగిస్తామని కూడా తెలియజేశారు. అమెరికా ఆ హామీ ఇవ్వలేదు. అతడు విడుదలయ్యాడు.

న్యాయమూర్తుల సందేహం నిరాధారమైనది కాదని తరువాత అమెరికాలోనే తేలింది. 1994లో మొదలైన మిన్నెసోటా కార్యక్రమంలో అప్పటికి సుమారు 700 మంది నిర్బంధితులు ఉండగా, వారిలో పూర్తిగా విడుదలైనవాడు ఒక్కడూ లేడని 2015లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి గుర్తించి, ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమన్నాడు. 2017లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అది వేరే సంగతి. ఇక్కడ గమనించవలసింది ఆ ముగ్గురు బాలికల స్థితి. నిందితుడు దోషో నిర్దోషో తేల్చే విచారణకే వారు నోచుకోలేదు. మిన్నెసోటా తన చట్టాన్ని వారి వంటివారి రక్షణ కోసమే కఠినం చేసింది. ఆ కాఠిన్యమే నిందితుడికి తలుపు తెరిచింది.

అప్పగింత కోరిన దేశం సాధారణంగా రెండు గడపలు దాటాలి. మొదటిది, ఆ కృత్యం రెండు దేశాలలోనూ నేరమై ఉండాలి. భారతదేశంలో లైంగిక సమ్మతికి వయస్సు 18 ఏళ్లు. 2012కు ముందు అది 16. ఇంగ్లండులో నేటికీ 16. పదిహేడేళ్ల యువతి ఇష్టపూర్వకంగా ఒకనితో సంబంధం పెట్టుకొంటే ఇక్కడ అతడు నేరస్థుడు, అక్కడ సాధారణంగా కాడు. ఆ అభియోగంతో ఇంగ్లండును అడిగితే అప్పగింత కష్టమే. ఐరోపా యూనియన్ దేశాలు తమలో తాము ఈ గడపను కొంత తగ్గించుకొన్నాయి. బలాత్కారం, బాలల లైంగిక దోపిడీ సహా 32 రకాల నేరాలకు, గరిష్ఠ శిక్ష కనీసం మూడేళ్లు అయిన పక్షంలో, రెండు చోట్లా నేరమేనా అని విచారించనక్కరలేదని ఒప్పుకొన్నాయి.

రెండవ గడప శిక్ష. చలనచిత్ర దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ ఉదంతం ఈ గడప దగ్గరే చిక్కుకొన్నది. 13 ఏళ్ల బాలికతో చట్టవిరుద్ధ సంభోగం చేసినట్లు 1977లో కాలిఫోర్నియాలో అతడు ఒప్పుకొన్నాడు. మానసిక పరీక్ష కోసం 42 రోజులు జైలులో ఉన్నాడు. మళ్లీ జైలుకు పంపుతారని తెలిసి 1978లో ఫ్రాన్సుకు పారిపోయాడు. తన పౌరుణ్ణి ఫ్రాన్సు అప్పగించదు. 2009లో జూరిచ్‌లో పట్టుబడ్డాడు. ఆ 42 రోజులతోనే అతని శిక్ష పూర్తయిందా కాలేదా అన్నది స్విస్ ప్రభుత్వం ముందు నిలిచిన ప్రశ్న. దానికి సంబంధించిన రహస్య వాంగ్మూలాన్ని అమెరికా పంపలేదు. 2010 జులైలో స్విట్జర్లాండు అతణ్ణి విడిచిపెట్టింది. 2015లో పోలండులోని క్రాకోవ్ న్యాయస్థానం కూడా నిరాకరించింది. మరుసటి ఏడు అక్కడి సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నేరం ఒప్పుకొన్న మనిషి కూడా ఎంత శిక్ష మిగిలి ఉన్నదన్న లెక్క తేలక తప్పించుకొనగలడన్న మాట.

ఇక ముస్లిం దేశాల సంగతి. వ్యభిచార ఆరోపణపై రాళ్లతో కొట్టే శిక్షకు భయపడి ఇరాన్ నుండి తుర్కియేకు వచ్చిన ఒక స్త్రీని తిప్పి పంపడం తగదని 2000 జులైలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. అది అప్పగింత కేసు కాదు, దేశబహిష్కరణ కేసు. అయినా సూత్రం ఒకటే: క్రూరమైన శిక్షకు చేజేతులా పంపిన దేశం కూడా ఆ శిక్షలో భాగస్థురాలవుతుంది. ఈ సూత్రాన్ని అదే న్యాయస్థానం 1989లో ఒక హత్య కేసులో, అమెరికాలోని వర్జీనియాను ఉద్దేశించి స్థాపించింది. ముస్లిం దేశాల కోసం కల్పించినది కాదు. 2023లో ఫ్లోరిడా రాష్ట్రం చిన్నపిల్లలపై బలాత్కారానికి మరణశిక్ష విధించవచ్చని చట్టం చేసింది. అక్కడి నుండి వచ్చే అభ్యర్థనకూ ఐరోపాలో ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

మన దేశం కూడా ఈ వరుసలోనే ఉన్నది. 2013, 2018, 2019 సంవత్సరాలలో చేసిన సవరణలతో కొన్ని రకాల బలాత్కారాలకు మరణశిక్ష చేరింది. 12 ఏళ్ల లోపు బాలికపై జరిగే నేరం వాటిలో ఒకటి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత వాటిని కొనసాగించింది. అయితే 1962 నాటి అప్పగింత చట్టంలో 34–సి అనే విభాగం ఉన్నది. మరణశిక్ష లేని దేశం నుండి రప్పించిన నేరస్థుడికి, ఆ నేరానికి ఇక్కడ మరణశిక్ష ఉన్నా, యావజ్జీవ కారాగారం మాత్రమే విధించాలని దాని సారాంశం. ఒకే నేరం చేసిన ఇద్దరిలో ఇక్కడే పట్టుబడినవాడికి ఉరి సాధ్యం. విమానమెక్కి ఐరోపా చేరినవాడికి అది సాధ్యం కాదు. ఈ అసమానత బాధాకరమే. కాని దీన్ని తొలగిస్తే రెండవవాడు అసలు రాడు.

అందుచేత మొత్తం వ్యవహారం హామీ మీద ఆధారపడి ఉన్నది. హామీ కేవలం కాగితమేనా అన్న అనుమానం సహజం. లైంగిక నేరం కాకపోయినా అబూ సలేం కేసు దీనికి జవాబిస్తుంది. మరణశిక్ష గాని, 25 ఏళ్లకు మించిన జైలు గాని ఉండవని హామీ ఇచ్చి 2005లో భారతదేశం అతణ్ణి పోర్చుగల్ నుండి తెచ్చింది. దేశం ఇచ్చిన మాటకు కేంద్ర ప్రభుత్వం కట్టుబడి ఉండాలని 2022 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మరి షరీఅత్‌ను అనుసరించే ప్రభుత్వం ఇట్టి హామీ ఇవ్వగలదా? సమస్యలో లోతైన భాగం ఇదే. హద్దు శిక్షలు అల్లాహ్ హక్కు. అవి ఖాజీ ఎదుట రుజువైన పిదప క్షమించే అధికారం పాలకుడికి లేదు. దొంగతనం చేసిన మఖ్జూమ్ వంశపు స్త్రీ గూర్చి సిఫారసు చేయబోయిన ఉసామా (రజి)ను ప్రవక్త (స) మందలించిన సంగతి తెలిసినదే. మరోవైపు ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ పదేపదే ఆజ్ఞాపిస్తుంది. ఈ రెండు విధులూ ఢీకొంటాయని పైకి అనిపిస్తుంది.

కాని శిక్షల వర్గీకరణను చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. జినా హద్దుకు నలుగురు ప్రత్యక్ష సాక్షులు గాని, నిందితుని ఒప్పుకోలు గాని కావాలి. సందేహం ఉన్న చోట హద్దును తప్పించాలన్నది ఫుఖహాల ఉమ్మడి సూత్రం. బలవంతానికి గురైన స్త్రీపై ఏ శిక్షా లేదు. బలాత్కారం చేసినవాడిపై హద్దు సాక్ష్యం కుదరకపోతే తాజీర్ ఉంటుంది. తాజీర్ పరిమాణం పాలకుడి, ఖాజీల విచక్షణకు వదిలినది. అందులో ఇంత విధించబోమని హామీ ఇవ్వడానికి ఆటంకం కనిపించదు. అండలూసియాకు చెందిన మాలికీ పండితుడు ఇబ్నుల్ అరబీ బలాత్కారాన్ని హిరాబాగా పరిగణించాడు. హిరాబా హద్దుల కోవలోనిదే. అయినా అందులో కూడా, ప్రాణహాని జరగనప్పుడు, ఖుర్ఆన్ పేర్కొన్న శిక్షలలో సమయోచితమైనది ఎంచుకొనే స్వేచ్ఛను మాలికీలు ఇమాముకు ఇచ్చారు. అన్నిటికన్నా గమనార్హమైనది, ఇస్లామీయ రాజ్యం వెలుపల చేసిన జినాకు హద్దు అమలు కాదని ఇమాం అబూ హనీఫా చెప్పడం. అక్కడ ఇమాము అధికారం లేదన్నది ఆయన వాదం. ఇమాం షాఫియీ, ఇమాం మాలిక్ అంగీకరించలేదు. శిక్షకూ భూభాగానికీ గల సంబంధం మన ఫుఖహాలకు కొత్త ప్రశ్న కాదనడానికి ఈ భేదాభిప్రాయమే నిదర్శనం.

అప్పగింత గూర్చిన తొలి ఇస్లామీయ ఉదాహరణ హుదైబియా సంధి (హిజ్రీ 6, క్రీ.శ. 628). మక్కా నుండి సంరక్షకుల అనుమతి లేకుండా వచ్చినవారిని తిప్పి పంపాలన్నది షరతు. సంకెళ్లతో వచ్చిన అబూ జందల్ (రజి)ను ఆ మాట ప్రకారం తిప్పి పంపవలసి వచ్చింది. ముస్లింల గుండెలు తరుక్కుపోయాయి. తరువాత ఉమ్మె కుల్సూమ్ (రజి) వచ్చినప్పుడు ఆమె సోదరులు వెంటవచ్చి అడిగారు. విశ్వాసినులైన స్త్రీలను తిప్పి పంపవద్దని, వారి కోసం భర్తలు వెచ్చించిన మహర్ మాత్రం తిరిగి ఇవ్వమని సూరె ముమ్‌తహినా (60:10) ఆదేశించింది. వారు నేరస్థులు కారు గనుక ఈ పోలికను పూర్తిగా అన్వయించరాదు. అయినా ఒప్పందానికి కట్టుబడటం, తిరిగి వెళ్లే మనిషికి అక్కడ ఏమి జరుగుతుందో చూడటం, అవతలి పక్షానికి రావలసినది చెల్లించడం – ఈ మూడూ ఒకే ఉదంతంలో కలిసి ఉన్నాయి.

తెలుగువారికి ఈ విషయం పరోక్షంగా తగిలేది గల్ఫ్ దేశాల ద్వారా. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి వేలాదిమంది అక్కడ పనిచేస్తున్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో 1999లో, సౌదీ అరేబియాతో 2010లో భారతదేశం అప్పగింత ఒప్పందాలు చేసుకొన్నది. అక్కడ నేరం ఆరోపించబడినవాడు ఇంటికి తిరిగి వస్తే ఏమిటి? ఇష్టపూర్వకమైన వివాహేతర సంబంధమైతే, 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు 497వ సెక్షన్‌ను కొట్టివేసిన తరువాత అది ఇక్కడ నేరం కాదు. మొదటి గడపే దాటదు. బలాత్కారమైతే దాటుతుంది. అప్పగించకపోయినా, విదేశంలో నేరం చేసిన భారత పౌరుణ్ణి కేంద్ర ప్రభుత్వ అనుమతితో ఇక్కడే విచారించవచ్చు. బోట్స్‌వానాలో జరిగిన వేధింపులపై ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన ఒక కేసులో, దర్యాప్తుకు ఆ అనుమతి అవసరం లేదని, విచారణ సాగడానికి మాత్రం తప్పనిసరి అని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొరడా దెబ్బల విషయం మాత్రం తేలలేదు. భారతదేశం 1955లో కొరడా శిక్షను రద్దు చేసింది. చిత్రహింస నిరోధక ఒడంబడికపై 1997లో సంతకం చేసింది గాని ఆమోదించలేదు. ఇతర దేశం నుండి వచ్చే నేరస్థుడికి మరణశిక్ష తప్పించే 34–సి వంటి విభాగం, ఇక్కడి నుండి కొరడా శిక్షకు పంపబోయే మనిషి విషయంలో చట్టంలో లేదు. అప్పగించడం అన్యాయమని, ఉచితం కాదని తోస్తే నిరాకరించే అధికారాన్ని 29వ విభాగం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కొరడా దెబ్బలు ఆ మాటలలోకి వస్తాయా రావా అన్నది ఒక్కొక్క కేసులో ప్రభుత్వం నిర్ణయించుకోవలసి ఉన్నది.