తోడేలు తిరిగి రాలేదు

హన్మకొండ చౌరస్తాలో టీ కొట్టు దగ్గరైనా, హంటర్ రోడ్డులో కాకతీయ జూ గేటు ముందైనా జంతువుల ముచ్చట మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఫోన్ తీసి తెల్లటి తోడేలు పిల్లల వీడియో చూపిస్తారు. "పదివేల ఏండ్ల కింద సచ్చినదాన్నే మళ్ల పుట్టిచ్చిన్రు. ఇగ అడవి పోతే ఏంది, పులి పోతే ఏంది?" అన్న మాట ఆ వెనకే వస్తుంది. అసలు చిక్కు వీడియోతో కాదు, ఈ మాటతోనే.

ఇది టీ కొట్టు దగ్గర ఆగే మాటా కాదు. 2025 ఏప్రిల్ 7న అమెరికా కంపెనీ కొలోసల్ బయోసైన్సెస్ ఎప్పుడో అంతరించిన 'డైర్ వుల్ఫ్‌ను తిరిగి తెచ్చాం' అని ప్రకటించిందో లేదో, అక్కడి వన్యప్రాణి శాఖను చూసే మంత్రి డగ్ బర్గమ్ ఆ వార్తను ఎత్తుకున్నారు. జీవుల్ని కాపాడేది ప్రభుత్వ నిబంధనలు కాదు, ఇలాంటి కొత్త సాంకేతికతే అన్నారు. సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 3న, మన కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత ఆపాలని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఉన్నవాటిని నిలుపుకోవడానికి ఢిల్లీ దాకా పోవాలి. పోయినవాటికి మాత్రం కంపెనీ ఉందట!

ఇంతకీ ఆ కంపెనీ చేసిందేమిటి? 13 వేల ఏళ్ల నాటి ఒక పన్ను, 72 వేల ఏళ్ల నాటి ఒక పుర్రె ముక్క నుంచి డైర్ వుల్ఫ్ డీఎన్‌ఏను చదివింది. చదివింది, అంతే. ఆ పాత డీఎన్‌ఏ ఏ పిల్ల ఒంట్లోకీ పోలేదు. బతికున్న బూడిద రంగు తోడేలు రక్తకణాలు తీసుకుని, వాటిలోని 14 జన్యువుల్లో 20 చోట్ల మార్పులు చేశారు. ఆ కణకేంద్రకాన్ని కుక్క అండంలో పెట్టి, పిండాన్ని పెంపుడు కుక్క కడుపులో పెంచారు. అలా 2024 అక్టోబరులో రోములస్, రెమస్, 2025 జనవరిలో ఖలీసీ పుట్టాయి.

లెక్క చూద్దాం. రెండు జంతువుల డీఎన్‌ఏ 99.5 శాతం ఒకటేనని కంపెనీయే చెప్పింది. తోడేలు జన్యుపటంలో దాదాపు 240 కోట్ల అక్షరాలుంటాయి. మిగిలిన అర శాతమంటే కోటీ ఇరవై లక్షల తేడాలు. దిద్దినవి ఇరవై. ఆ ఇరవైలోనూ డైర్ వుల్ఫ్ నుంచి అరువు తెచ్చుకున్నవి పదిహేనే. మిగతావి తెల్లటి బొచ్చు లాంటి హంగుల కోసం. పైగా ఈ రెండు వంశాలూ సుమారు 57 లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత. ఇక్కడ పాపం తోడేలుకేమీ తెలియదు, వాత పెట్టింది కంపెనీ.

ఇవి డైర్ వుల్ఫ్‌లు కావని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిపుణుల బృందం చెప్పింది. ఇరవై మార్పులు చేసిన బూడిద రంగు తోడేళ్లేనని కంపెనీ ముఖ్య శాస్త్రవేత్త బెత్ షాపిరో కూడా ఆ మే నెలలో ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు మాత్రం ఎవరి ఫోన్‌లోనూ ఫార్వర్డ్ కాలేదు.

మరి డైనోసార్లను తెస్తారా? యామన్‌పల్లిలో దొరికి, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడ్డ కోటసారస్ ఎముకలు ఏనాడో రాయిగా మారాయి. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్‌ఏ వయసు 20 లక్షల ఏళ్లు. డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్లు.

కునో అడవిలో చీతాలను 'పుట్టించారు' అనుకునేవాళ్లకు ఒక్క మాట: 2022 సెప్టెంబరు 17న వాటిలో మొదటివి నమీబియా నుంచి విమానంలో దిగాయి. అవి మన చిరుతపులులూ కావు. ఆ పేర్ల గందరగోళం మన పత్రికల పుణ్యం.

కలివికోడి కథ ఇంకా విచిత్రం. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. దొరకబట్టింది ఏ ల్యాబూ కాదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకుతుంటే, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట పట్టుకొచ్చాడు. పిట్ట చచ్చి బతకలేదు, ముళ్లపొదల్లో మనకు కనబడకుండా బతికింది.

అయితే ఒక్క విషయంలో వాట్సాప్ పండితులకు సగం మార్కులైనా వేయక తప్పదు. అంతరించిన జీవి క్లోన్ ఒకసారి నిజంగానే పుట్టింది. స్పెయిన్ కొండమేక బుకార్డోలో చివరిది 2000 జనవరిలో చనిపోతే, దాచిన కణాల నుంచి 2003 జూలైలో పిల్లను పుట్టించారు. ఊపిరితిత్తుల లోపంతో అది కొన్ని నిమిషాలకే పోయింది. అంతరించకముందే కణాలు దాచుకుంటే ఫలితం ఇంకా మెరుగు. 1988లో గడ్డకట్టించిన కణాల నుంచి 2020లో నల్లకాళ్ల ఫెరెట్ పుట్టింది. దాని తోటి క్లోన్ ఒకటి 2024లో పిల్లల్ని కూడా కన్నది.

పోయినదాన్ని తేవడం కన్నా ఉన్నదాన్ని నిలుపుకోవడమే మేలని హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల కూడా నేర్చుకుంది. సీసీఎంబీ డైరెక్టరుగా లాల్జీ సింగ్ ఉన్న రోజుల్లో ఆసియా చీతాను క్లోన్ చేద్దామనుకున్నారు. ఇరాన్ సాయం చేయనంది, ఆ ఊసు అక్కడితో సరి. అదే సంస్థ నెహ్రూ జూతో కలిసి మూషిక జింకలను మామూలుగా ఈనించి, పెంచి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలింది. ఈ వార్తకు ఎవరూ వీడియో చేయలేదు. వదలడానికి అడవి ఉంది కాబట్టి ఆ పని కుదిరింది.

తోడేళ్ల మీద అంత ప్రేమే ఉంటే, మన దక్కన్ మెట్ట భూముల్లో అసలైనవే తిరుగుతున్నాయి. దేశం మొత్తం మీద సుమారు మూడు వేలు. గొర్రెను ఎత్తుకుపోయిందని కళేబరంలో విషం పెట్టకండి, ఫారెస్టోళ్లకు చెప్పండి. ఆ విషం రాబందులనూ చంపుతుంది. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద వాటి గూళ్లు బయటపడ్డాయి. తెల్లవీపు రాబందులు దేశంలో 99 శాతానికి పైగా పోవడానికి కారణం కళేబరాల ద్వారానే వాటి ఒంట్లో చేరిన మరో విషం, పశువులకు వేసిన నొప్పి మందు డైక్లోఫెనాక్. పశువులకు దాని వాడకం 2006లో, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌ల వాడకం 2023లో నిషేధమయ్యాయి. బర్రెకు ఈసారి నొప్పి సూది వేయించాల్సివస్తే డాక్టరును మెలాక్సికామ్ వేయమని అడగండి.