కంఠమందలి కణితియు, రక్తము చెప్పు సాక్ష్యమును

కంఠమున చిన్న గడ్డ కన్పట్టినదని వైద్యునియొద్దకు పోయిన రోగి చేతికి, స్కానింగు కాగితముతోపాటు సీబీపీ అను సాధారణ రక్తపరీక్ష కాగితము కూడ వచ్చును. న్యూట్రోఫిల్, లింఫోసైట్ అను రెండు జాతుల తెల్ల రక్తకణములకు నడుమ గల నిష్పత్తిని కొన్ని పరీక్షాలయములవారు ఆ కాగితముపై ముద్రించుచుండగా, అది హద్దు మించినదని చూచి, క్యాన్సరు నిశ్చయమైపోయినదని ఇంటిల్లిపాదియు దిగులుపడు సందర్భములు కలవు. ఆ దిగులును కొంతయైనను తీర్చవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

దేహమున ఎచ్చట గాయము తగిలినను, సూక్ష్మజీవులు చొరబడినను, ఆ చోట ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి పుట్టునని రోమను గ్రంథకర్త సెల్సస్ క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందే వ్రాసియుండెను. దానినే మనము శోథ అందుము. ఈ శోథకును క్యాన్సరునకును గల బాంధవ్యమును తొలుత గట్టిగా ప్రతిపాదించినవాడు జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. కణితులలో తెల్ల రక్తకణములు గుమిగూడియుండుటను గమనించి, దీర్ఘకాలము శోథ నిలిచిన చోటులనే క్యాన్సరు జనించునని 1863వ సంవత్సరమున ఆయన చెప్పెను. చిరకాలము మూలబడియున్న ఆ ఊహ, క్యాన్సరు కణితులు మానని గాయములవంటివని అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ డ్వొరాక్ 1986లో ప్రకటించిన పిమ్మట మరల ప్రాణము పోసికొనినది. మానెడి గాయమునందు శోథ తన పని ముగించి తొలగిపోవును. కణితియందు అది తొలగక, క్రొత్త రక్తనాళములను మొలిపించుచు, ఆ కణితికే పోషణ నొసగుచుండును.

ఆ శోథ జాడ రక్తమునకు చేరు మార్గములు రెండు మూడు కలవు. వ్యాధిస్థానమునుండి బయల్వెడలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ద్రవ్యములు కాలేయమును ప్రేరేపింపగా, అది సీ-రియాక్టివ్ ప్రోటీను అను పదార్థమును రక్తములోనికి విడుచును. దీనిని న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వైద్యులు 1930లో న్యుమోనియా రోగుల రక్తమున కనుగొనిరి. ఎముకల మూలుగనుండి న్యూట్రోఫిల్ కణములు హెచ్చుగ వెలువడును. దేహము ఆయాసపడినపుడు పెరుగు కార్టిసాల్ అను హార్మోను వలన లింఫోసైట్ కణములు రక్తమునందు తగ్గును. మొదటివి నూటికి 60, రెండవవి 30 ఉన్నచో నిష్పత్తి 2. మొదటివి 80, రెండవవి 10 అయినచో 8. లెక్క ఇంతియే, ఖర్చును స్వల్పమే. పరిశోధకులు దీనివైపు మొగ్గుటకు కారణమీ సులభత్వమే కాని, జలుబు, జ్వరము, పంటికురుపు, ఉబ్బసమునకై మింగిన స్టిరాయిడు మాత్ర, పొగత్రాగుడు, క్రితము దినమున జరిగిన ఆపరేషను, వీనిలో ఏదియైనను ఆ సంఖ్యను పైకెత్తగలదు. దేహమున శోథ యేదో కలదని అది చెప్పును. ఎచ్చట కలదో, దేనివలన కలిగినదో చెప్పజాలదు.

కంఠమందలి థైరాయిడు గ్రంథికి వచ్చు క్యాన్సరు విషయమున చిక్కు మఱింత పెద్దది. ఈ క్యాన్సరులలో నూటికి సుమారు 80 పాపిల్లరీ అను జాతికి చెందినవి. మిక్కిలి మందగతిని పెరుగునవి. సకాలమున చికిత్స పొందినవారిలో అత్యధికులు దీర్ఘకాలము జీవింతురు. అంత చిన్నదియు, అంత నెమ్మదైనదియు అగు కణితి సర్వదేహమందలి రక్తమును కలవరపెట్టకుండుట వింత గాదు. అందుచేతనే పరిశోధనలు ఒకదానితో నొకటి పొసగకున్నవి: పెద్ద కణితులు గలవారియందు నిష్పత్తి హెచ్చుగ నున్నదని కొందఱు, మామూలు గడ్డకును క్యాన్సరు గడ్డకును ఈ లెక్కలో భేదమే లేదని కొందఱు తేల్చిరి.

అంతకంటె విచిత్రమైనది గ్రంథిలోపలి శోథ. 1912లో జపాను దేశపు యువవైద్యుడు హకారు హాషిమోతో, ఉబ్బిన థైరాయిడు గ్రంథులు గల నలుగురు స్త్రీలను పరిశీలించి, ఆ గ్రంథులయందు లింఫోసైట్ కణములు కిక్కిరిసియుండుటను ఒక జర్మను వైద్యపత్రికలో వర్ణించెను. దేహము తన గ్రంథిపై తానే దండెత్తు ఈ వ్యాధి నేడు మన స్త్రీలలోను తఱచుగ కనబడుచున్నది. శస్త్రచికిత్సతో తీసివేసిన పాపిల్లరీ క్యాన్సరు గ్రంథులలో అనేకములయందు ఈ హాషిమోతో శోథయు చెంతనే యుండును. విర్కో మాటను పట్టి చూచినచో అట్టి క్యాన్సరు మఱింత క్రూరము కావలెను. కాని శోథ తోడుగానున్నచోట వ్యాధి సౌమ్యముగ నుండుటయు, తిరుగబెట్టుట తక్కువగుటయు పెక్కు పరిశీలనలలో కనబడినది. కణితిని పోషించు శోథ యొకటి, కణితిని నిలువరించు శోథ మఱియొకటి. మొదటిదానికి న్యూట్రోఫిల్ కణములును, రెండవదానికి లింఫోసైట్ కణములును ప్రధానములని స్థూలముగ చెప్పవచ్చును. ఆ రెంటిని ఒకే నిష్పత్తిలో ఇమిడ్చుటలోని ఆంతర్యమును ఇదియే. ఈ విషయమంతటిలో ఇంతకంటె ఆలోచనీయమైన అంశము నాకు కన్పింపలేదు.

రక్తము నిజముగ బిగ్గరగా పలుకునది అనాప్లాస్టిక్ అను జాతియందు. అది అరుదు, ఎక్కువగ వృద్ధులకు వచ్చును, వారములలోనే పెరిగి శ్వాసనాళమును నొక్కివేయును. ఏ సూక్ష్మజీవియు చొరబడకున్నను తెల్లకణములను విపరీతముగ పెంచు ద్రవ్యమును కొందఱిలో ఆ కణితియే స్రవించును. అట్టి రోగులయందు పై నిష్పత్తియు, సీ-రియాక్టివ్ ప్రోటీనును ఎంత హెచ్చిన, మిగిలిన ఆయువు అంత తక్కువయని వైద్యులు గ్రహించిరి.

కావున కంఠమున గడ్డ యున్నవారికి వ్యాధినిర్ణయము చేయునది ఈ సంఖ్య గాదు. స్కానింగులో అనుమానము గొలిపిన గడ్డను సన్నని సూదితో గుచ్చి, కణములను తీసి, సూక్ష్మదర్శినిక్రింద చూచుటయే. మెడల్లరీ జాతికి కాల్సిటోనిన్ అను హార్మోను మంచి సాక్షి. గ్రంథిని పూర్తిగ తీసివేసిన పిమ్మట పాపిల్లరీ రోగులకు, థైరాయిడు కణములు పుట్టించు థైరోగ్లోబ్యులిన్ అను ప్రోటీను పరీక్ష జరుపుదురు. గ్రంథి లేనివారి రక్తమున అది దాదాపు కనబడకుండవలెను. హాషిమోతో శోథ గలవారికి మాత్రము ఇక్కడ నొక ఇబ్బంది కలదు. వారి లింఫోసైట్ కణముల ప్రమేయమున పుట్టిన ప్రతిరక్షకములు ఆ థైరోగ్లోబ్యులిన్‌ను పట్టుకొనుటచే, అది యున్నను లేనట్లు పరీక్షలో తోచవచ్చును. అందుచేత ప్రతిసారియు ఆ ప్రతిరక్షకములను కూడ కొలువవలెను. ఏండ్లు గడచిన కొలది అవి తగ్గుచున్నచో వైద్యుడు ఊరట చెందును, పెరుగుచున్నచో కంఠమును మరల స్కానింగు చేయించును.