మనసు ఒక్కటే.. జట్లు మూడు!

* హోసూరు తెలుగువారి ఫుట్‌బాల్ పిచ్చి
* ఊరు మారిన జట్టుతో తెగిన బంధం

హోసూరు: ఉండేది తమిళనాడులో. పనికి వెళ్లేది కర్ణాటకకు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇలాంటి వారికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందంటే ఒక్క జట్టుతో తీరదు. మన రాష్ట్రానిదని చెన్నయిన్, స్టేడియం దగ్గరని బెంగళూరు, మన భాషవాళ్లదని హైదరాబాద్.. ఇలా మూడింటినీ నెత్తిన పెట్టుకోవలసిందే. 'ఇంతకీ నువ్వు ఎవరి వైపు?' అని బెంగళూరు స్నేహితులు నిలదీస్తే జవాబు చెప్పడం కష్టమే. అయినా మూడు భాషలు తడుముకోకుండా మాట్లాడే ఊరికి మూడు జట్లు ఒక బరువా!

ఒకే తేదీ.. ఏడుపూ, నవ్వూ

చెన్నై ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. బెంగళూరు 40 కిలోమీటర్లే. అత్తిబెలె దాటితే కర్ణాటక, ఇంకాస్త పోతే కంఠీరవ స్టేడియం. కాబట్టి కళ్లారా చూసేది ఎక్కువగా బెంగళూరు ఎఫ్‌సీనే. 2013లో పుట్టిన ఈ జట్టు ఆడిన తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచింది. 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది.

2018 మార్చి 17న ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ కంఠీరవలోనే జరిగింది. ఆడింది బెంగళూరు, చెన్నయిన్. తొమ్మిదో నిమిషంలోనే సునీల్ ఛెత్రి గోల్ కొట్టాడు. తీరా చూస్తే చెన్నయిన్ 3-2తో కప్పు ఎగరేసుకుపోయింది. రెండు జట్లనూ ప్రేమించే వారికి ఏడవాలో నవ్వాలో తెలియని రాత్రి అది. సరిగ్గా ఏడాదికి, 2019 మార్చి 17న ముంబయిలో బెంగళూరు గోవాను 1-0తో ఓడించింది. అదనపు సమయంలో, 117వ నిమిషంలో రాహుల్ భేకే తలతో కొట్టిన గోల్‌తో లెక్క సరిపోయింది.

హైదరాబాద్ ముచ్చట

హైదరాబాద్‌ది పాత ఫుట్‌బాల్ పేరు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు అక్కడిదే. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతి కిందే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. అందుకే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ రాగానే తెలుగు అభిమాని ప్రాణం లేచి వచ్చింది.

2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ గెలిచినట్టే అనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమం. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. కప్పు హైదరాబాద్‌ది.

ఆ సంబరం రెండేళ్లు కూడా నిలవలేదు. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు. అదీ చెన్నైలో, చెన్నయిన్ మీద! హోసూరు అభిమానికి ఆ ఒక్క సంతోషమూ సగమే దక్కింది.

వచ్చిన దారినే..

2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అన్యాయం అనిపిస్తుంది. కానీ వెనక్కి తిరిగి చూస్తే 2019లో హైదరాబాద్‌కు చోటు దొరికింది పుణె జట్టు మూతపడినందుకే. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే పుణె తెలుగువారు పోగొట్టుకున్నది హైదరాబాద్‌కు, ఢిల్లీ పోగొట్టుకున్నది బరంపురం తెలుగువారికి దగ్గరైంది. ఒకరింట పండుగ అంటే మరొకరింట దీపం ఆరినట్టే. జట్టు కంపెనీ సొత్తు, ప్రేమ మాత్రం అభిమానిది. ఊరు మార్చేటప్పుడు ఆ ప్రేమను ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

మిగిలిన రెండింటికైనా భరోసా ఉందా అంటే అదీ అంతంతే. లీగ్ నిర్వహణ ఒప్పందం ముగియవస్తుండగా 2025 జులైలో సీజన్‌ను పక్కన పెట్టారు. ఆగస్టులో బెంగళూరు క్లబ్ ఆటగాళ్ల జీతాలు నిలిపేసింది. ఎప్పుడూ శీతాకాలం మొదట్లోనే జోరందుకునే లీగ్ 2026 ఫిబ్రవరిలో గానీ కదలలేదు, అదీ కుదించిన రూపంలో.

అయినా అత్తిబెలె దాటే అభిమాని మానడు. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ చూసి, తొమ్మిదిన్నరకు బయటపడి, హోసూరు బస్సు కోసం పరుగెత్తుతాడు. బీరువాలోని పసుపు రంగు హైదరాబాద్ చొక్కా మాత్రం మడత విప్పడం లేదు. పారేయడమూ లేదు.