డంగు సున్నం గోడల మధ్య వైఫై

హైదరాబాద్ పాతబస్తీలో, లాల్‌దర్వాజ సందులో ఒక పాత ఇల్లు ఊహించుకుందాం. వీధివైపు దుకాణం, వెనక మూడు గదులు, మేడ మీద రెండు. ఉమ్మడి కుటుంబం. ఫోన్లు ఎనిమిది, టీవీలు రెండు, సీసీ కెమెరాలు మూడు, ఫోనుతో వెలిగించే బల్బులు ఆరు, పిల్లల చదువుకు ఒక ల్యాప్‌టాప్. మొత్తం ఇరవై. రూటర్ (తీగలో వచ్చిన ఇంటర్నెట్‌ను ఇంట్లో గాలి ద్వారా పంచే పెట్టె) మాత్రం ఒక్కటే. అదీ దుకాణం షట్టరు పక్కన మేకుకు వేలాడుతోంది. స్తంభం నుంచి కేబుల్ లాగినతను దాన్ని ఎక్కడ లోపలికి దింపాడో అక్కడే పెట్టె బిగించి వెళ్లిపోయాడు.

మేడ మీద టీవీలో బొమ్మ ఆగిపోతుంటే చాలా ఇళ్లలో చేసే పని ఒకటే. నెలకు ఇంకొంత ఎక్కువ కట్టి పెద్ద ప్లాను తీసుకుంటారు. అయినా బొమ్మ ఆగుతూనే ఉంటుంది. మనం డబ్బు కట్టేది రూటర్ దాకా వచ్చే వేగానికి. అక్కడి నుంచి టీవీ దాకా ఎంత చేరుతుందో తేల్చేది ఇల్లే.

అందుకే లోపం బయటిదా, ఇంట్లోదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఉదాహరణకు, 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో, ఆ వెంటనే పాతబస్తీ బండ్లగూడలో వినాయక విగ్రహం తరలిస్తుండగా కరెంటు తగిలి మనుషులు చనిపోయారు. తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్లను ప్రమాదకరమని కత్తిరించారు. నగరంలో చాలా వీధుల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. అలాంటిది బయటి లోపం. ఫైబర్ కనెక్షన్ ఉంటే దీన్ని గుర్తుపట్టడం తేలికే. పెట్టె మీద ‘ఎల్ఓఎస్’ అని రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంది. ఫైబర్‌లో కాంతి రావడం లేదని దాని అర్థం. అప్పుడు కంపెనీకి ఫోను చేయడం తప్ప మనం చేయగలిగింది లేదు. ఎర్ర లైటు లేదు, రూటర్ పక్కన వేగం బాగుంది, మేడ మీద మాత్రం లేదు అంటే లోపం ఇంట్లోనే ఉంది.

ఇంట్లో ఏం జరుగుతోంది? వైఫై అంటే రేడియో. ఒక చానల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి. మిగతా పరికరాలు వింటూ ఉండి, ఖాళీ దొరికినప్పుడు అందుకుంటాయి. సిగ్నల్ బలంగా అందే పరికరం గబగబా మాట్లాడి తప్పుకుంటుంది. అందనిది తప్పులు దొర్లకుండా నిదానంగా, ఒక్కోసారి చెప్పిందే మళ్లీ చెబుతూ మాట్లాడుతుంది. అది ముగించేదాకా మిగతావాళ్లంతా ఆగాల్సిందే. కాబట్టి పరికరాల సంఖ్య చూసి కంగారు పడనక్కర్లేదు. ఆరు బల్బులూ కలిసి వాడే డేటా చాలా స్వల్పం. మేడ చివర నుంచి రాత్రింబవళ్లు దృశ్యాలు పంపే ఒక్క కెమెరా వాటన్నిటికంటే బరువు. దాని నత్తనడక ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

సిగ్నల్ ఇలా బలహీనపడడానికి పాతబస్తీలో పెద్ద కారణం గోడలు. రాయి, ఇటుక, డంగు సున్నంతో కట్టిన పాత గోడ మూరెడు మందం ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. రేడియో తరంగం దాన్ని దాటేసరికి చాలావరకు నీరసించిపోతుంది. గోడలో చెమ్మ ఉంటే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే నీరు తరంగాన్ని పీల్చుకుంటుంది. ఇనుప బీరువా, నిలువుటద్దం తరంగాన్ని వెనక్కి కొడతాయి. రూటర్‌ను బీరువా వెనక దాచడం కంటే నష్టం చేసే పని ఇంకొకటి లేదు.

అయితే ఆ పాత ఇళ్లలోనే ఒక గొప్ప సౌకర్యం కూడా ఉంది. నడుమ ఆకాశం కనిపించే వాకిలి. గాలిలో తరంగానికి అడ్డు లేదు. రూటర్‌ను వానకు తడవకుండా వాకిలి వైపు వసారాలో ఎత్తుగా పెడితే, చుట్టూ ఉన్న గదుల్లోకి తలుపులు, కిటికీల గుండా సిగ్నల్ వెళ్తుంది. దుకాణం నుంచి అక్కడిదాకా ఒక కేబుల్ లాగితే చాలు. ముందుగా చేయాల్సిన పని ఇదే అని నా అభిప్రాయం.

రెండో ఇబ్బంది పొరుగు. గోడకు గోడ ఆనుకున్న సందుల్లో ప్రతి ఇంటి రూటరూ అదే గాలిలో మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (తరంగాలు తిరిగే వరస) దూరం వెళ్తుంది కానీ ఇరుకు. మన దేశంలో దాని వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు మూడే: 1, 6, 11. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2018 అక్టోబరు నుంచి కేంద్రం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అక్కడ చోటు ఎక్కువ, కానీ ఆ తరంగం గోడను అంతగా దాటలేదు. మనం తెచ్చుకునే స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు 2.4 మాత్రమే ఎరుగుతాయి. కనుక రూటర్ సెట్టింగుల్లో రెండు బ్యాండ్లకు రెండు పేర్లు పెట్టండి. బల్బులను 2.4లో ఉంచి, ఫోన్లను, ల్యాప్‌టాప్‌ను 5లోకి మార్చండి. సందులో ఏ చానల్ ఖాళీగా ఉందో ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ ఆప్‌తో చూడవచ్చు.

కదలని వస్తువులకు తీగే మేలు. టీవీ, కెమెరా ఒకచోటే ఉంటాయి. వాటికి క్యాట్-6 కేబుల్ ఇస్తే గాలిలో రద్దీ ఆ మేరకు తగ్గి, ఫోన్లకు వేగం పెరుగుతుంది. మేడ మీద రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. మామూలు రిపీటర్ విన్న మాటనే అదే చానల్‌లో తిరిగి చెబుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. అదే డబ్బుతో మేడకు కేబుల్ లాగి, దాని చివర రెండో వైఫై పెట్టె పెట్టడం నయం. వైఫై 6 (వైఫైలో కొత్త తరం) రూటర్ చిన్న పరికరాలు కొన్నిటికి ఒకే విడతలో జవాబివ్వగలదు, కానీ మూరెడు గోడను అదీ దాటలేదు.

ఇంకో మాట. కెమెరాతో కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్, పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో ఆక్రమించింది. వాటితో చేసిన దాడికి ఆ అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కొన్ని గంటలు చాలామందికి అందలేదు. యజమానుల్లో చాలామందికి తమ కెమెరా అందులో ఉందని కూడా తెలియదు.

ఇక కేబుల్ లాగేటప్పుడు పనివాడి పక్కన నిలబడండి. డంగు సున్నం గోడకు డ్రిల్లు పెడితే చుట్టూ పెచ్చులు ఊడతాయి, సిమెంటుతో పూస్తే అక్కడ చెమ్మ నిలుస్తుంది. తలుపు పైన గాలికోసం వదిలిన కంత ఎలాగూ ఉంటుంది. తీగను అందులోంచి తీయించండి.