ఎత్తు తగ్గినా కుదుపు పెరగని స్ప్రింగులేవి?

శంకర్ నగర్ (రాయపూర్): కొత్త కారు కొన్న కుటుంబ పెద్ద దానిని మరో అంగుళం పైకి లేపించాలని చూస్తాడు. అదే కారు తాళాలు కొడుకు చేతికి వచ్చిన నాడు రెండు అంగుళాలు కిందికి దింపించాలని ఉబలాటపడతాడు. మన దేశంలో చిన్న కార్ల విడిభాగాల దుకాణాలు ఈ రెండు కోరికలనూ తీరుస్తున్నాయి. ఒక అరలో స్ప్రింగు చుట్ల నడుమ ఇరికించే రబ్బరు బఫర్లు, పక్క అరలో కారును నేలకు దగ్గర చేసే పొట్టి స్ప్రింగులు. మొదటిది అవసరానికీ, రెండవది ముచ్చటకూ అని కొట్టిపారేయనక్కర లేదు. మలుపులలో కారు తూలకుండా నిలవాలన్న కోరికలో న్యాయముంది. అయితే ఆ ముచ్చట తీరిన మర్నాటి నుంచే వెనుక సీట్లో కూర్చునే తల్లిదండ్రుల నడుము నొప్పి ఇంట్లో చర్చనీయాంశమవుతున్నది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించి రాయపూర్ రాజధాని కావడంతో నగర స్వరూపం మారింది. తెలీబాంధా చెరువుకు చేరువలో మంత్రుల, అధికారుల నివాసాలతో కూడిన శంకర్ నగర్ వంటి ప్రాంతాలలో కారు ఎత్తు తగ్గించుకున్నవారికి రోజువారీ తిరుగుడులో పెద్దగా ఇబ్బంది తోచకపోవచ్చు. చిక్కంతా ఊరు దాటిన తరువాతనే. రాయపూర్, భిలాయ్ పట్టణాలలో దశాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సంక్రాంతికో, పెళ్ళికో స్వస్థలాలకు పోయే దారి ఒకప్పటి 43వ నంబరు జాతీయ రహదారి. ధమ్తరి, కాంకేర్ దాటి, కేశ్‌కాల్ కనుమ ఎక్కి, జగదల్‌పూర్, జయపురం, కొరాపుట్‌ల మీదుగా సాలూరు కనుమ దిగి విజయనగరం చేరాలి. రాయపూర్ నుంచి విశాఖపట్నానికి ఈ దారిన దాదాపు 600 కిలోమీటర్లు. ఈ దూరాన్ని సుమారు 465 కిలోమీటర్లకు కుదించే ఆరు వరుసల కొత్త రహదారిలో ఆంధ్ర భాగానికి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. కనుమల దారిలో ఐదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో పోయే చిన్న కారుకు స్ప్రింగు ఎంపిక ముచ్చట కాదు, ప్రయాణ భద్రతకు సంబంధించిన విషయం.

మి.మీ.కు ఎన్ని కిలోలు?

స్ప్రింగు గుణాన్ని తెలిపే అంకె ఒక్కటే. దానిని ఒక మిల్లీమీటరు కుంగదీయడానికి ఎంత బరువు కావాలన్నదే ఆ అంకె. దీనినే స్ప్రింగు రేటు అంటారు. ఉదాహరణకు చిన్న కారులో ముందు చక్రం ఒక్కొక్కదానిపై 200 కిలోల బరువు మోపి ఉన్నదనీ, చక్రం వద్ద రేటు మి.మీ.కు 1.6 కిలోలనీ అనుకుందాం. ఆ బరువుకు స్ప్రింగు 125 మి.మీ. కుంగి నిలుస్తుంది. ఇలా కుంగిన దూరమే కారు ఊగే వేగాన్ని నిర్ణయిస్తుంది. 125 మి.మీ. కుంగితే కారు నిమిషానికి సుమారు 85 సార్లు ఊగుతుంది. రేటును 30 శాతం పెంచితే కుంగుబాటు 96 మి.మీ.కు తగ్గి, ఊపు నిమిషానికి సుమారు 96 సార్లకు పెరుగుతుంది. మనిషి నడకలో నిమిషానికి వంద అడుగులకు అటూ ఇటూగా పడతాయి గనుక ఈ రెండు ఊపులూ శరీరానికి అలవాటైనవే. కూర్చున్న మనిషి వెన్ను, పొట్ట ఎక్కువగా బాధపడేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురుకు. కనుక 20, 30 శాతం బిగువు పెరిగినంత మాత్రాన కారు ఎడ్లబండి కాదు. ఎడ్లబండి కావడానికి కారణం వేరే ఉంది.

రబ్బరు అడ్డుకు తగిలితే

ప్రతి చక్రానికీ పైకి లేచే హద్దు ఒకటి ఉంటుంది. ఆ హద్దు వద్ద బంప్ స్టాప్ అనే రబ్బరు అడ్డు కాపలా ఉంటుంది. గుంతలో దిగి లేచిన చక్రం ఆ అడ్డును గట్టిగా గుద్దినప్పుడు స్ప్రింగు పని అయిపోయినట్లే. అప్పటి నుంచి దెబ్బ నేరుగా కారు ఒంటికి, అక్కడి నుంచి ప్రయాణికుల వెన్నుకు చేరుతుంది. కారు ఎత్తు తగ్గించినప్పుడు మొదట హరించుకుపోయేది ఈ హద్దు వరకు ఉండే ఖాళీ జాగాయే.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మామూలు ఎత్తులో ఈ జాగా 80 మి.మీ. అనుకుంటే, స్ప్రింగు తనలో ఇముడ్చుకోగల దెబ్బ ఆ దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే జాగా సగమైతే దెబ్బను తట్టుకునే శక్తి సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. 20 మి.మీ. దించి, రేటు 30 శాతం పెంచితే మొదటి శక్తిలో దాదాపు 73 శాతం మిగులుతుంది. అదే 30 శాతం బిగువుతో 40 మి.మీ. దించితే మూడో వంతు కూడా మిగలదు. ఆ లోటు పూడాలంటే స్ప్రింగును నాలుగు రెట్లు బిగించాలి. అది చిన్న కారుకు అసాధ్యం. 20 మి.మీ. దించిన కారు యజమాని తృప్తిగా, 40 మి.మీ. దించిన వాని కారు ప్రతి గుంతకూ మూలుగుతూ ఉండటంలోని రహస్యం ఇదే.

దించిన కారుకు బిగువు పెరగడం దోషం కాదు, అవసరం. ‘ఎత్తు తగ్గుతుంది, మెత్తదనం ఏమాత్రం మారదు’ అని ఏ దుకాణదారైనా నమ్మబలికితే, ఆ స్ప్రింగు రబ్బరు అడ్డు మీదనే ప్రయాణం చేయించగలదని గ్రహించాలి.

పెద్ద కారు కంటే చిన్న కారుకే ఈ చిక్కు ఎక్కువ. 750 కిలోల కారులో ఐదుగురు, వారి సామాను కలిపి 350 కిలోలు ఎక్కితే అది కారు బరువులో సగానికి దగ్గర. ఖాళీగా ఉన్నప్పుడు మెత్తగానూ, నిండినప్పుడు కుంగకుండానూ ఉండటం ఒకే స్ప్రింగుకు కష్టం. ఐరోపా ఇంజనీర్లు కూడా దీనితోనే తంటాలు పడ్డారు. దున్నిన పొలం మీద గుడ్ల బుట్టతో పోయినా ఒక్క గుడ్డూ పగలరాదన్న షరతుతో రూపుదిద్దుకున్న సిత్రోయెన్ 2 సీవీ 1948లో వెలుగు చూసింది. 1959లో బ్రిటన్‌లో మినీ కారును రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ ఉక్కు స్ప్రింగులను పక్కనబెట్టి, అలెక్స్ మౌల్టన్ తయారుచేసిన రబ్బరు శంకువులను ఆశ్రయించాడు. బరువు పెరిగిన కొద్దీ బిగిసే గుణం రబ్బరుకు సహజంగా ఉండటమే అందుకు కారణం. నేడు ‘ప్రోగ్రెసివ్’ పేరిట అమ్మే స్ప్రింగులలో కొన్ని చుట్లు దగ్గరగా, కొన్ని ఎడంగా ఉండటం కూడా అదే ఫలితం కోసం. దగ్గరి చుట్లు ముందుగా ఒకదానినొకటి తాకి పని మానుకోగా, మిగిలిన చుట్లు బిగువుగా నిలుస్తాయి.

స్పీడ్ బ్రేకరు పరీక్ష

ఆల్టో వంటి కారుకు నేల నుంచి ఎడం 160 మి.మీ. అని చెప్పేది ఖాళీ బండి లెక్క. ముందు వెనుక చక్రాల రేటు కలిపి మి.మీ.కు 6.8 కిలోలు అనుకుంటే, 350 కిలోల భారానికి కారు సగటున 50 మి.మీ. కుంగుతుంది. మిగిలేది 110 మి.మీ. ఇప్పుడు 30 శాతం బిగువైన స్ప్రింగుతో 20 మి.మీ. దించామనుకుందాం. బిగువు వల్ల కుంగుబాటు 40 మి.మీ.కు తగ్గుతుంది గనుక నిండు బండికి ఎడం 100 మి.మీ. ఉంటుంది. అంటే కళ్ళకు 20 కనబడినా, నిండు బండిలో నిజంగా పోయింది 10 మి.మీ. మాత్రమే. ఇది చాలామంది గమనించని లాభం. అయితే డిక్కీ బరువుకు వెనుక భాగం సగటు కంటే ఎక్కువ కుంగుతుందని మరువరాదు. అందుకే వెనుక స్ప్రింగును ముందుదాని కంటే తక్కువగా దించడం మేలు.

ఈ 100 మి.మీ. చాలునా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో నిర్దేశించిన స్పీడ్ బ్రేకరు ఎత్తు సరిగ్గా 100 మి.మీ. ఆ అంకె చూసి బెదరనక్కర లేదు. ఆ కొలత ప్రకారం దాని వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి దానిని ఉద్దేశించారు. 2.36 మీటర్ల ఎడంలో ఉన్న ముందు వెనుక చక్రాలు రెండూ ఒకేసారి దాని మీదనే ఉంటాయి గనుక, చక్రాల మధ్యకు పొడుచుకు వచ్చేది 41 మి.మీ. మాత్రమే. శాస్త్రబద్ధమైన స్పీడ్ బ్రేకరు దించిన కారుకు కూడా శత్రువు కాదు. గ్రామాల వద్ద రాత్రికి రాత్రి వెలిసే, అడుగున్నర వెడల్పు మట్టి తారు గట్టులే కారు పొట్టను గీరుతాయి. అవి కొలబద్ద ఎరుగని కట్టడాలు.

చుట్టు కోయడం, మంట పెట్టడం

తక్కువ ఖర్చులో ఎత్తు తగ్గించే నాటు పద్ధతులు రెండున్నాయి. ఒకటి ఉన్న స్ప్రింగు నుంచి ఒక చుట్టు కోయడం. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే బిగువు 20 శాతం పెరుగుతుంది. ఇంతవరకు లెక్క బాగానే ఉన్నా, కోసిన కొన గిన్నెలో సరిగా కూర్చోదు. కారును జాకీ మీద ఎత్తినప్పుడో, చక్రం గుంతలో వేలాడినప్పుడో పొట్టిదైన స్ప్రింగు వదులై పక్కకు తొలగే ప్రమాదముంది. రెండవది గ్యాస్ మంటతో కాల్చి స్ప్రింగును కుంగదీయడం. స్ప్రింగు ఉక్కుకు ఆ గుణం వచ్చేది ప్రత్యేకంగా కాచి చల్లార్చడం వల్లనే. మంటతో ఆ పదును పోతుంది, రోజురోజుకూ కుంగుతుంది, ఒకనాడు విరుగుతుంది. రాయపూర్ చుట్టూ ఉరలా, సిల్తరాలలో ఉక్కు మిల్లులున్నంత మాత్రాన ఏ కడ్డీ పడితే ఆ కడ్డీ స్ప్రింగు కాజాలదు. సిలికాన్, క్రోమియం కలిసిన ఉక్కు, కాచడంలో నియమం, ఉపరితలాన్ని సన్నని ఉక్కు రవ్వలతో కొట్టి గట్టిపరచడం అన్నీ కుదిరితేనే అది స్ప్రింగు.

కొనేటప్పుడు దుకాణదారును అడగవలసినవి మూడు: ఆ కారు నమూనాకే తయారైనదా, రేటు ఎంత, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్రింగు గిన్నెలో బిగువుగా ఉంటుందా. రేటు అంకె చెప్పలేనివాడి సరుకు కొనకపోవడం మంచిది.

స్ప్రింగు మారితే షాక్ అబ్జార్బరు సంగతి కూడా చూడాలి. ఊపును ఆపేది అదే. రేటు 30 శాతం పెరిగినప్పుడు, ఊపు మునుపటిలా అణగాలంటే షాక్ అబ్జార్బరు పట్టు సుమారు 14 శాతం పెరగాలి. మంచి స్థితిలో ఉన్న కంపెనీ షాక్ అబ్జార్బరు ఆ కాస్త తేడాను ఓర్చుకోగలదు. 60, 70 వేల కిలోమీటర్లు తిరిగి నూనె కారుతున్నది ఓర్చుకోలేదు. స్ప్రింగు బాగాలేదన్న ఫిర్యాదులలో చాలావాటికి అసలు దోషి ఈ పాత షాక్ అబ్జార్బరే కావచ్చు. ఇక పెద్ద అల్లాయ్ చక్రాలు, పలుచని టైర్లు కూడా ఒకేసారి వేయిస్తే ఏది ఎంత కుదుపు తెచ్చిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. టైరులోని గాలి కూడా ఒక స్ప్రింగే గదా!

పోనీ, ఇంతా చేసి దక్కేదెంత? గురుత్వ కేంద్రం 540 మి.మీ. ఎత్తులో ఉన్న కారును 25 మి.మీ. దించితే మలుపులో ఒక వైపు చక్రాల నుంచి మరో వైపుకు మారే బరువు 5 శాతం కూడా తగ్గదు. పైగా చిన్న కార్ల ముందు భాగంలో సర్వసాధారణమైన మాక్‌ఫర్సన్ అమరికలో, కారు దిగిన దాని కంటే అది ఒరిగే కీలు బిందువు ఎక్కువగా దిగుతుంది. బిగువు పెంచకుండా ఊరికే దించితే మలుపులో ఒరుగు పెరిగినా పెరగవచ్చు. తూలకుండా నిలిచినట్లు తోచే సుఖం దాదాపుగా బిగువు నుంచి వచ్చేదే, ఎత్తు నుంచి కాదు.

చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చరాదంటున్నది. మార్పు అంటే వాహనపు మౌలిక లక్షణం మారే నిర్మాణపు మార్పు అని అక్కడే వివరణ ఉంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు ఏర్పడింది. స్ప్రింగు మార్పు మౌలిక లక్షణపు మార్పా, కాదా అన్నది వాదానికి తావున్న ప్రశ్న. జర్మనీలో ఇటువంటి స్ప్రింగులకు పరీక్షా సంస్థల ధ్రువపత్రం ఉంటుంది, తనిఖీ ఉంటుంది, వాహన పత్రాలలో నమోదు ఉంటుంది. మనకు అటువంటి సులభమైన దారి లేకపోవడం నిషేధం కంటే పెద్ద లోటు. రవాణా కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి, బీమా కంపెనీకి తెలియజేసి గాని పని మొదలుపెట్టరాదు. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిముకు అడ్డుపడవచ్చు. వారంటీ ఉన్న కారు అయితే ఆ విషయం కూడా ముందే తేల్చుకోవాలి.

స్ప్రింగులు బిగించిన తరువాత కారును కొన్ని రోజులు తిప్పి, అవి కుదురుకున్నాక వీల్ అలైన్‌మెంట్ సరిచూడాలి, లేకుంటే టైర్లు ఒక అంచున అరుగుతాయి. హెడ్‌లైటు కాంతి పడే చోటు కూడా మారుతుంది. ముందు భాగం ఎక్కువ దిగితే రాత్రి కనుమ దారిలో వెలుగు దగ్గరే ఆగిపోతుంది. తీసిన పాత స్ప్రింగులను, ముందువీ వెనుకవీ కలసిపోకుండా గుర్తులు పెట్టి, నూనె రాసి అటక మీద ఉంచడం మంచిది. కారు అమ్మే నాడు కొనేవాడు మొదట వంగి చూసేది చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఎడాన్నే.